నాకు దేవుడు కనబడలేదని చెప్పిన రోజు

ఆ రోజుల్లో మా ఊళ్లో దేవుణ్ణి చూడటం అంత కష్టమైన పనేం కాదు. మణుగూరులో బొగ్గు బాయిలు అప్పుడప్పుడే తెరుస్తున్నరు. పినపాక దిక్కు నుంచి మా అడవి అంచు ఊరికి రోజుకు రెండు బస్సులు వస్తే అది మంచిరోజు కింద లెక్క. కరెంటు స్తంభాలు పాతిండ్రు గాని తీగలు ఇంకా రాలేదు. అట్లాంటి ఊరికి దేవుడు మాత్రం తరచుగా వచ్చిపోతుండేవాడు. ఒకరికి మిరపచేనులో కనబడేవాడు. ఇంకొకరికి జ్వరం వచ్చినప్పుడు మంచం కాళ్ల దగ్గర నిలబడేవాడు. మరొకరు పశువులను తోలుకొస్తుంటే వాగు అవతల తెల్లగా మెరిసి మాయమయ్యేవాడు. బస్సు కంటే ఆయనే నయం, టైముకు వస్తడు అని మా నాయన నవ్వేవాడు (ప్రార్థన పాకలో కాదు, ఇంట్లో, అదీ నాయనమ్మ వినకుండా). ఊళ్లో ఇంతమందికి కనబడ్డ దేవుడు నాకొక్కదానికే కనబడలేదు. ఆ ముక్క వల్ల నా పెళ్లి ఆగిపోయేదాకా వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తది గాని, అప్పుడు మాత్రం అన్నం సహించలేదు.

ముందు మా సంఘం సంగతి చెప్పాలె. ఇరవై ముప్పై గడపలు, గడ్డి కప్పిన ఒక ప్రార్థన పాక, దాని ముందు చెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్క. అదే మా గంట. రోజూ తెల్లవారంగనే దాన్ని ఇనుప కడ్డీతో కొట్టే సంఘపెద్దను మేమంతా గంట తాత అనేవాళ్లం. అయ్యగారు, అంటే పాస్టరుగారు, భద్రాచలం దిక్కు నుంచి నెలకు ఒకసారి సైకిలేసుకొని వచ్చేవాడు. ఆయన కింద పది ఊర్లుండేవి. బాప్తిస్మాలు ఏడాదికి ఒక్కసారే. వానకాలంలో గోదారి మీదికి ఉరుకొస్తది, ఎండకాలంలో నీళ్ల కోసం ఇసుకలో మైలు దూరం నడవాలె, అందుకని వానలు తగ్గి నీళ్లు నడుము లోతుకు దిగినంక ఒక ఆదివారం చూసి అందరినీ ఒకేసారి ముంచేవాళ్లు. ముంచేముందు ఒడ్డున నిలబడి ఒక్కొక్కరు సాక్ష్యం చెప్పాలె. ప్రభువు నాకు ఫలానా చోట ఫలానా తీరుగా కనబడ్డడు, నా మనసు మార్చిండు, అని. అట్లా చెప్పాలని ఏ వాక్యంలో ఉందో నాకు తెలియదు. నేను మూడో తరగతి దాటలేదు. మా ఊళ్లో మాత్రం అట్లనే చెప్పేవాళ్లు.

నాకప్పుడు పదిహేడో పద్దెనిమిదో. మణుగూరు బాయిలో పనిచేసే పిల్లగాడితో సంబంధం కుదిరింది. పిల్లను చూడటానికి వచ్చిన రోజు ఆయన గోర్ల సందుల్లో బొగ్గు నల్లగా ఉంది. రెండు సబ్బులు అరగదీసుకొని వచ్చిండట, అయినా పోలేదు. చాయ గ్లాసు అందుకోవాలంటే చేతులు బయటపెట్టాలె, పెడితే కనబడతయి. ఆ అవస్థ చూస్తుంటే నాకు తెగ నచ్చిండు. వాళ్లమ్మ మాత్రం మొహం మీదనే చెప్పే మనిషి. మాది బాప్తిస్మం ఉన్న ఇల్లు, పిల్లకు కూడా అయితేనే పెళ్లి, క్రిస్మస్ దాటంగనే చేసుకుంటం, వచ్చే ఏడాదిదాకా ఆగే ఓపిక నాకున్నా నా మోకాళ్లకు లేదు అని తేల్చేసింది (ఆమెకు నీళ్లు మోసే మనిషి జల్దీ కావాల్సి ఉండె). అంటే ఆ ఏడు గోదారిలో మునగకపోతే ఆ బొగ్గు గోర్లు ఇంకో పిల్ల చూసుకుంటయి. నా కష్టం అదీ.

బాప్తిస్మం ఆదివారానికి ముందు మంగళవారం సాయంత్రం గంట తాత మమ్మల్ని పాకలో కూర్చోబెట్టి సాక్ష్యాలు సరిచూసిండు. ఆ ఏడు ఆడపిల్లలం నలుగురం. నా దోస్తుకు బూరె అని పేరు, పొంగిన బూరెల్లాంటి బుగ్గలు చూసి పెట్టింది. అది లేచి, మిరపచేనులో కలుపు తీస్తుంటే పెద్ద వెలుగు వచ్చిందని, అందులో తెల్లబట్టల మనిషి నిలబడి తన పేరు పెట్టి పిలిచిండని గడగడా చెప్పింది. తాత తలూపిండు. రెండో పిల్లకు కూడా వెలుగే, తెల్లబట్టలే, కాకపోతే పత్తిచేను. మూడో పిల్లకు వెలుగుతో పాటు ఒక గొర్రెపిల్ల కూడా వచ్చింది. నా వంతు వచ్చేసరికి నేను లేచి నిలబడ్డ, నిలబడ్డదాన్ని నిలబడే ఉన్న. నాకేం కనబడలేదు తాతా అన్న. సరిగ్గా గుర్తు తెచ్చుకో అన్నడు. గుర్తు తెచ్చుకుంటే చేనులో ఒక పాము కనబడింది గాని అది పనికొచ్చేటట్టు లేదు.

తాత కోప్పడలేదు. దగ్గర కూర్చోబెట్టుకొని నెమ్మదిగా చెప్పిండు. మనసు శుద్ధంగా ఉన్నోళ్లకే దేవుడు కనబడతడు, ఇది ప్రభువు నోటి మాట. నీకు కనబడలేదంటే లోపల ఎక్కడో మురికి ఉంది. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నయి. ఎవరికి ఏం చేసినవో, ఎవరి మీద ఏం పెట్టుకున్నవో, పోయి వాళ్లతో సమాధానపడు, అప్పుడు కనబడతడు.

ఇక్కడ మీకు ఒకటి చెప్పాలె. సమాధానపడటం మా సంఘంలో కొత్తదేం కాదు. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం ముందు పెద్దవాళ్లంతా ఒకరి గడపకొకరు పోయి, ఏమన్న ఉంటే మనసుల పెట్టుకోకు వదినె అంటే, నా దాంట్ల ఏముంది వదినె అని ఆమె అంటది, అయిపాయె. అసలు ఏముందో ఇద్దరూ చెప్పుకోరు. అదే ఆ ఆచారంలో ఉన్న తెలివి. నాకా తెలివి లేదు. ఏముందో మొత్తం విప్పి చెప్తేనే శుద్ధి అనుకున్న. రాసుకుందామంటే నాకు రాత సరిగా రాదు, అందుకని నాయనమ్మ ఖాళీ నశ్యం డబ్బాలో తప్పుకొక చింతపిక్క వేసుకున్న (నశ్యం పాపమా కాదా అన్నది మా సంఘంలో ఎన్నటికీ తేలలేదు). పదకొండు పిక్కలైనయి. ఒక్కో తప్పు ఒప్పుకోంగనే ఒక పిక్క పారేస్తే శనివారానికి డబ్బా ఖాళీ, ఆదివారం దేవుడు. నా లెక్క అంత సులువుగా ఉండె.

మొదలు నాయనమ్మతోనే పెట్టుకున్న. అయ్యగారు వచ్చినప్పుడు ఆయన కోసమని దాచిన పాలు సగం తాగి నీళ్లు కలిపింది నేనే నాయనమ్మా, ఒకసారి కాదు, ప్రతిసారీ, అని చెప్పిన. ఆమె చింతపండు గింజలు తీస్తున్నదల్లా ఆగి, నాకు తెలుసులే బిడ్డా, పిల్లి తాగితే నీళ్లు కలపదు గదా అన్నది. మరి తెలిసి పిల్లిని ఎందుకు కొట్టినవ్ అంటే, నిన్ను కొడితే నువ్వు ఏడుస్తవు, అది ఏడవదు అన్నది. ఒక పిక్క పారేసిన. కానీ పిల్లి సంగతి మిగిలిపోయింది గదా. దానికి ఎట్లా చెప్పాల్నో తెలియక ఒక పిక్క మళ్లీ వేసిన.

తర్వాత పాటల అత్తమ్మ. మా నాయనకు వరసకు చెల్లె. సంఘంలో పాట ఎత్తేది ఆమే. గొంతు పెద్దది, రాగం తనదే, పాట ఏదైనా రాగం ఒక్కటే. నేను పోయి కాళ్ల దగ్గర కూర్చొని, అత్తమ్మా, నువ్వు పాట ఎత్తంగనే దూడ తల్లి కోసం అరిచినట్టు ఉంటదని నేను అందరితో అన్న, ఆడపిల్లలమంతా చానా నవ్వుకున్నం, క్షమించు అన్న. ఆమె ముఖం చూస్తే ఆ సంగతి ఆమెకు అంతవరకు తెలియదని తెలిసింది. అందరూ నవ్విన్రా అని అడిగింది. నేను శుద్ధిలో ఉన్నదాన్ని, అబద్ధం ఎట్లా ఆడతా, అవ్ అత్తమ్మా అందరూ అన్న. ఆమె లోపలికి పోయి తలుపు దగ్గరేసుకుంది. ఆ వారమంతా ఆమె నోట పాట లేదు, వడ్లు దంచేటప్పుడు కూడా లేదు. ఆ ఇంటి మీదుగా పోయినప్పుడల్లా నేను డబ్బాలో ఒక పిక్క వేస్తూ పోయిన.

మేకల మామది ఇంకో కథ. రెండేండ్ల కింద ఆయన మేక మా తోటకూర మొత్తం మేసిందని కోపంతో దాని మెడ గంట విప్పి వాగులో పడేసిన. గంట లేక ఆ మేక అడవిలో తప్పిపోయి మూడు రోజులకు దొరికింది. గంట విప్పింది తన బామ్మర్దే అని మామకు అనుమానం, అప్పటి నుంచి ఇద్దరికీ మాటలు లేవు. నేను నిజం చెప్పేస్తే వాళ్లిద్దరూ కలిసిపోతరని, నాకు ఒక పిక్కకు రెండు పుణ్యాలని సంబరంగా పోయిన. మామ అంతా విని గడ్డం గోక్కున్నడు.

"రెండేండ్ల నుంచి వాడు నా ఇంటికి రాలే, నేను సుఖంగ ఉన్న," అన్నడు. "ఇప్పుడు వాణ్ణి పిలిచి తప్పైందని నేను చెప్పాల్నా? ఏం పిల్లవే నువ్వు."

మామ పట్టించుకోకపోయినా, పక్కనే ఉన్న ఆయన భార్య అంతా విన్నది. తమ్ముణ్ణి ఉత్తపుణ్యానికి రెండేండ్లు గడప తొక్కనియ్యలేదని ఆమె ఆ సాయంత్రం పొయ్యి వెలిగించలేదు. బామ్మర్దికి కూడా తెలిసి, బావే వచ్చి క్షమాపణ అడిగితే తప్ప బాప్తిస్మాలకు రానని కూర్చున్నడు. శుక్రవారం పొద్దుటికి ఊళ్లో మూడు ఇండ్లలో మాటల్లేవు. నా డబ్బాలో పదకొండు పిక్కలకు పద్నాలుగు అయినయి. గంట తాత ఎదురుపడి, ఏమన్న కనబడిందా బిడ్డా అని అడిగిండు. ఊరు మొత్తం కోపంగా కనబడుతుంది తాతా అన్న.

బూరెను చివరికి ఉంచుకున్న, ఎందుకంటే అది అన్నిటికంటే కష్టం. శనివారం మధ్యాహ్నం మిరపచేను గట్టు మీద కూర్చోబెట్టి చెప్పిన. నీ దర్శనం నేను నమ్మలేదే, ఆ రోజు నీ పక్క సాలులో కలుపు తీసింది నేనే, నాకు వెలుగూ కనబడలే, పిలుపూ వినబడలే, లోపల్లోపల నిన్ను అబద్ధాలదానివనుకున్న, నన్ను క్షమించు. దాని బుగ్గలు ఎర్రబడ్డయి. కొంచెంసేపు నన్ను తిట్టింది, నా పెళ్లి కావద్దని కూడా అన్నది. తిట్టి తిట్టి అలసిపోయి, గడ్డిపోచ నములుకుంటూ కూర్చున్నది. తర్వాత అది అన్నమాట నేను ఈ రోజుకూ మరిచిపోలేదు.

"పోనీ ఒక పని చెయ్యవే. వెలుగు నువ్వు తీసుకో. పేరు పెట్టి పిలిచింది నేనే ఉంచుకుంట."

దోస్తు అంటే అట్లుండాలె. నేను ఆ వెలుగు తీసుకొనే ఇంటికి వచ్చిన, నిజం చెప్తున్న. దారిపొడుగునా దాన్ని అప్పజెప్పుకుంటూ వచ్చిన. మిరపచేను అయితే బూరెది అయిపోతది గనక మా ఇంటి వెనక జొన్నచేనుకు మార్చిన. ఇంట్లో నాయనమ్మ ముందు చెప్పి చూపిస్తే, ఆమె మొత్తం విని, బాగానే ఉంది గాని మనకు జొన్నచేను ఎక్కడిదే అని అడిగింది. నువ్వు బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఏం సాక్ష్యం చెప్పినవ్ నాయనమ్మా అంటే, మా కాలంల ఇవన్నీ అడగలే, చలేస్తుందా అని అడిగిన్రు, అవ్ అన్న, ముంచిన్రు అన్నది.

ఆదివారం పొద్దున్నే తెల్లచీరెలు కట్టుకొని గోదారి ఒడ్డుకు పోయినం. ఇసుక చల్లగా ఉంది. సంఘమంతా వచ్చింది గాని ఎక్కడి వాళ్లక్కడ ఎడమెడంగా నిలబడ్డరు. మేకల మామ ఒక దిక్కు, ఆయన భార్య ఇంకో దిక్కు, రానన్న బామ్మర్ది కూడా వచ్చి దూరంగా ఇసుక తిన్నె మీద. పాటల అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చున్నది. మణుగూరు బస్సు దిగి నాకు కాబోయే ఆయన, వాళ్లమ్మ కూడా వచ్చిన్రు. ఆమె మోకాళ్లు పట్టుకుంటూ అందరికంటే ముందు వరసలోకి వచ్చి చెంగు పరుచుకొని కూర్చున్నది. పాట ఎత్తేవాళ్లు లేక గంట తాతే ఎత్తిండు. సంఘం తలో రాగంలో పోయి మధ్యలోనే ఆగిపోయింది. అయ్యగారు ఇదేంది అన్నట్టు చూసిండు. అందరూ నా దిక్కు చూసిన్రు.

సాక్ష్యాలకు నన్నే మొదలు పిలిచిన్రు. లేచి నిలబడ్డ. జొన్నచేను నోటి దాకా వచ్చింది. ఎదురుగా అత్తమ్మ కొంగు, మామ ముఖం, వెనుక బొగ్గు బాయి ఆయన చేతులు కట్టుకొని నా దిక్కే చూస్తున్నడు. ఇంతమందితో నిజం చెప్పి ఇంత రచ్చ చేసి, ఇప్పుడు నీళ్ల ముందు నిలబడి అబద్ధం చెప్తే ఈ నాలుగు రోజుల ఏడుపు ఎవరి కోసం అనిపించింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నాకు దేవుడు కనబడలేదు అయ్యగారూ," అన్న.

మరి ఏం కనబడింది బిడ్డా అని అయ్యగారు మామూలుగా, దారి అడిగినట్టు అడిగిండు. నా మనసు కనబడింది, మురికి చానా ఉంది, కడిగినకొద్దీ ఇంకా వస్తుంది, ఈ పొద్దు కూడా గంట తాత పాట విని నవ్వొచ్చింది అని చెప్పిన. కాబోయే అత్తగారి ముఖం చూసే ధైర్యం లేక ఇసుక చూస్తూ నిలబడ్డ. నా పెళ్లి అక్కడనే అయిపోయిందనుకున్న. ఇంతలో వెనుక నుంచి బూరె భోరున ఏడుస్తూ, నాకు కూడా కనబడలే అయ్యగారూ, తాత అడిగితే ఏదో ఒకటి చెప్పాలె గదా అని చెప్పిన అన్నది. పత్తిచేను పిల్ల కూడా అదే మాట అన్నది. గొర్రెపిల్ల పిల్ల మాత్రం కొంచెం ఆలోచించి, వెలుగు కనబడలే గాని గొర్రెపిల్ల నిజమే, అది మా ఇంటిదే అన్నది.

అయ్యగారు గంట తాత దిక్కు తిరిగిండు. తాత చేతిలోని మా పేర్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టిండు. ముసలాయన ఎటూ చూడకుండా, నేనే నేర్పిన అయ్యా అన్నడు. నాకు మా పెద్ద నేర్పిండు, వెలుగు, తెల్లబట్టలు. నలభై ఏండ్ల నుంచి అదే చెప్తున్న. నాకు ఒక్కనాడు కూడా... అని అక్కడ ఆగిండు. ఎవరూ నవ్వలేదు. నవ్వు నా దగ్గర అప్పటికే అయిపోయి ఉండె. అయ్యగారు దగ్గరికి పోయి ఆయన భుజం మీద చెయ్యేసిండు.

"మరి నలభై ఏండ్ల నుంచి తెల్లారంగనే గంట ఎందుకు కొడుతున్నవ్ తాతా?"

"వస్తడేమోనని," అన్నడు తాత.

అయ్యగారు ఏదో చెప్తడనుకున్నం గాని, ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకొని, పంచె ఎగ్గట్టుకొని, చలి పెరగకముందే రాండ్రి అని నీళ్లలోకి దిగిండు. సాక్ష్యాలు అంతటితో అయిపోయినయి. ఒడ్డున ఒకసారి చిన్న కదలిక వచ్చింది. ఎవరు ముందు కదిలిన్రో నేను చూడలేదు గాని, మేకల మామ ఇసుక తిన్నె దిక్కు నడుస్తుండటం చూసిన. పోయి బామ్మర్దితో ఏమన్నడో తెలియదు, ఇద్దరూ ఒక బీడీ పంచుకున్నరు (బీడీ సంగతి కూడా మా సంఘంలో తేలలేదు). నన్ను ముంచబోయేముందు పాట కావాలె. అయ్యగారు ఒడ్డున పాటల అత్తమ్మ దిక్కు చూసి, అమ్మా నువ్వే ఎత్తాలె అన్నడు. ఆమె కొంగు తీసి, నా దిక్కు ఒకసారి చూసి, దూడ అరిచినా దేవుడు వింటడు, నువ్వు మూసుకొని మునుగు అని పాట ఎత్తింది. రాగం ఎప్పటిదే.

కాబోయే అత్తగారు నేను తడిచీరెతో ఒడ్డెక్కేదాకా కూర్చున్న చోటు నుంచి లేవలేదు. నేను వణుకుతూ ఎదురుగా నిలబడ్డ. ఆమె తువ్వాల నా మీద పడేసి, కొడుకు దిక్కు తిరిగి, దీని కడుపుల ఒక్క మాట దాగదురా, ఇంక మన ఇంట్ల నీకూ దాగవు, నాకూ దాగవు, ముందే ఆలోచించుకో అన్నది. ఆయన ఆలోచించుకోలేదు. క్రిస్మస్ పోయిన పదో రోజున పెళ్లయింది. ఆమె అన్నట్టే జరిగింది, ఆ ఇంట్లో ఏదీ దాగలేదు, అందువల్ల తిట్లు తిన్నది కూడా ఎక్కువగా నేనే.

ఇప్పుడు నా మనవరాళ్లు, అమ్మమ్మా నీకు దేవుడు ఎప్పుడన్న కనబడ్డడా అని అడుగుతరు. ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చింది గాని సాక్ష్యం చెప్పేటంత కాదు అని చెప్తా. వాళ్లకు చెప్పనిది ఒకటుంది. ఆ రోజు అయ్యగారు కండ్లు మూసుకో బిడ్డా అని ముక్కు పట్టుకొని ముంచినప్పుడు నేను కండ్లు మూసుకోలేదు. పాపాలు పోతయన్న గడియ అదే గదా, మనసు శుద్ధంగా ఉండేది ఆ ఒక్క క్షణమే గదా, ఆయన వస్తే అప్పుడే రావాలె, నేను మూసుకొని ఉంటే ఎట్లా అని తెరుచుకొనే మునిగిన. గోదారి బురదనీళ్లు కండ్లలో పడి మంట పుట్టింది. అయ్యగారి పంచె ముడి, ఆయన కాళ్ల మీది వెంట్రుకలు, వేలెడంత చేపపిల్ల ఒకటి, ఇంతే కనబడినయి. నీళ్లలో నుంచి లేచినంక కూడా, కొంచెం తొందరగా లేపిన్రు, ఇంకొంచెంసేపు ఉంచితే బాగుండేది అనుకున్న. ఇప్పుడు ప్రార్థనలో కండ్లు మూసుకుంటే నాకు హాయిగా ఉంటది, ఒక్కోసారి ఆమెన్ దాకా కునుకు కూడా పడుతది. ఆ నీళ్లలో కండ్లు మండుతున్నా రెప్ప వాల్చకుండా అటూ ఇటూ వెతికిన పిల్ల నేనేనా అని నవ్వుకుంటా. నవ్వుకుంటూనే, దానికున్న ఆ తొందర నాకు ఎప్పుడు పోయిందా అని కొంచెంసేపు కూర్చుంటా.